ఏడో నంబరు బిళ్ల

అడవి క్యాంపు,
మార్చి 9

అమ్మాయికి ఆశీస్సులు.

చలి వెనక్కి తగ్గింది, క్యాంపు తెరిచాం. నువ్వూ పిచ్చుకా కులాసాగా ఉన్నారని తలుస్తాను. నేను బాగానే ఉన్నాను. కుడి మోకాలు మాత్రం నా మాట వినడం మానేసి దాని ఇష్టం వచ్చినట్టు నడుస్తోంది.

ఈ లారీలో మూడు టెంట్లు పంపుతున్నాను. మీ కార్ఖానాలో బాగుచేయించమని రేంజర్ రాసిన చీటీ కూడా లోపల ఉంది. ఒకటి ఎలుకలు కొట్టింది. రెండోదాని జిప్పు సగం దాకా వచ్చి మొండికేస్తుంది. మూడోది పోయిన సీజను చివర్లో ఒక లెక్చరరు గారు కాల్చింది. టెంటులో కూర్చుని పొయ్యి ముట్టించాడు. "లోపల వెలిగించొద్దని బోర్డు మీద రాసుంది కదండీ" అంటే, "బోర్డు బయటుంది. లోపలున్నవాడికి ఎలా కనపడుతుంది?" అని నన్నే నిలదీశాడు. అంత చదువుకున్నవాడితో ఏం వాదిస్తాం! ఆయన భార్య మాత్రం వెనక నిలబడి నాకు దణ్ణం పెట్టింది.

వారం రోజులుగా ఒంటిచేత్తో పని. టెంట్లు వేసే పద్నాలుగు చోట్లలోనూ ఆకులు ఊడ్చి, పొయ్యి రాళ్ళు మళ్ళీ పేర్చాను. చేతిపంపుకి కొత్త వాషరు వేశాను. గుంట మరుగుదొడ్ల సంగతి ఉత్తరంలో రాసేది కాదు. సరస్సు నిండుగా ఉంది. ఏరు వచ్చి కలిసేచోట నీళ్ళు ఇంకా మట్టిరంగులోనే ఉన్నాయి, ఒరుసుకుని పారుతున్నాయి. ఏడో చోటు ఎవరికీ ఇవ్వడం లేదు. రేంజర్ అడిగితే నేల చెమ్మగా ఉందని చెప్పాను. రెండేళ్ళుగా అదే చెమ్మ చెప్తున్నాను, అతనూ రెండేళ్ళుగా తల ఊపుతున్నాడు.

పిచ్చుక పోయినసారి పంపిన బొమ్మ గోడకి అంటించాను. టెంటుకి కిటికీలూ మేడమెట్లూ కూడా పెట్టింది. పక్కన నన్ను మీసాలతో వేసింది. తాతయ్యకి మీసాలు లేవని చెప్పు. ఉంటే బాగుండేదని కూడా చెప్పు.

దానికి సెలవులు వస్తున్నాయి. రమ్మని పిలిచే మొహం నాకు లేదు. అయినా వస్తారేమోనని రెండో మంచం బాగుచేసి ఉంచాను.

ఇట్లు,
మీ మామయ్య


కార్ఖానా మేడ మీద గది,
మార్చి 20

మామయ్యగారికి నమస్కారాలు.

టెంట్లు ఈ లారీలోనే వెనక్కి పంపుతున్నాను. ఎలుకలు కొట్టినదానికి లోపలా బయటా గుడ్డ వేసి రెండు కుట్లు వేశాను, పైన మైనం పట్టించాను. జిప్పు మార్చేశాను. లెక్చరరు గారి టెంటుకి ఒక గోడ మొత్తం కోసేసి కొత్తది వేయాల్సొచ్చింది. మా మేస్త్రి చూసి, "దీన్ని బాగుచెయ్యడం ఎందుకమ్మా, దండం పెట్టి పంపించెయ్" అన్నాడు. నాకు మాత్రం అలాంటివే ఇష్టం. ఒక చిరుగు చూసి అది ఎలా చిరిగిందో చెప్పగలను నేను. లాగితే చిరిగిందా, కోస్తే చిరిగిందా, ఏళ్ళ తరబడి ఒరిసి ఒరిసి పోయిందా, దేని దారి దానిది.

పిచ్చుక పళ్ళు రెండు ఊడాయి. మాట్లాడితే ఈల వస్తోంది, అందుకని ఇంకా ఎక్కువ మాట్లాడుతోంది. దాని టీచరు నన్ను బడికి పిలిచింది. సెలవుల్లో ఎక్కడికి వెళ్తారో రాయమంటే ఇది, "మా తాతయ్య దగ్గరికి. అక్కడ సరస్సులో మా నాన్న పోయాడు. అక్కడ టెంటులో పడుకుంటాం" అని రాసిందట. టీచరు కళ్ళు తుడుచుకుంటోంది. ఇది పక్కన నిలబడి, అక్షరదోషాలు లేవు కదా టీచర్ అని అడుగుతోంది.

తీసుకురావాలనే ఉంది. కానీ దానికంటే ముందు మిమ్మల్ని ఒకటి అడగాలి. రెండేళ్ళుగా ఈ ప్రశ్న మింగలేక కక్కలేక తిరుగుతున్నాను.

మీ గది కిటికీ పక్కన గోడకి చోటుకొక బిళ్ల వేలాడదీసిన బోర్డు ఉంది కదా. నీళ్ళ మీదికి వెళ్ళేవాళ్ళు తమ బిళ్లని ఎర్రవైపుకి తిప్పి వెళ్ళాలి, తిరిగొచ్చాక తెల్లవైపుకి తిప్పాలి. చీకటి పడే వేళకి ఏ బిళ్లయినా ఎర్రగా కనిపిస్తే మీరు గంట కొట్టి వెతకడానికి బయల్దేరతారు. మీరు పెట్టిన పద్ధతే, మీకు చెప్పేదేముంది.

ఆ సాయంత్రం ఏడింటికి వానలో తడుస్తూ వచ్చి నేను ఆ బోర్డు చూశాను. మా ఏడో నంబరు బిళ్ల తెల్లగా ఉంది. సరే, ఆయన వచ్చేశారు, నా మీద కోపంతో మీ గదిలో పడుకుని ఉంటారు అనుకున్నాను. తలుపు కొట్టడానికి అభిమానం అడ్డొచ్చింది. టెంటుకి వెళ్ళి పిల్లని పక్కలో వేసుకుని పడుకున్నాను. పొద్దున్న మీరు ఒడ్డున కూర్చుని ఉన్నారు, పక్కన ఆయన ఉన్నారు.

ఆ బిళ్ల తిప్పింది ఎవరు? నాకు కావలసింది అదొక్కటే. ఎందుకడుగుతున్నానో మీకు తెలుసు. పిచ్చుకకి వాళ్ళ నాన్న గురించి ఏం చెప్పాలన్నది మీ జవాబు మీద ఉంది.

ఉంటాను,
మీ కోడలు


అడవి క్యాంపు,
మార్చి 28

అమ్మాయికి ఆశీస్సులు.

టెంట్లు అందాయి. నీ కుట్టు చూసి రేంజర్ "కొత్తవి ఎప్పుడు కొన్నాం?" అన్నాడు. ఆ ఒక్కమాటకి మూడు రోజులు తల ఎత్తుకు తిరిగాను.

ఈ సీజనుకి మొదటి బృందం దిగింది. ఒకే ఆఫీసువాళ్ళు ఆరుగురు. అందులో ఒకాయన ఇస్త్రీపెట్టె తెచ్చుకున్నాడు. "ప్లగ్గు ఎక్కడుంది?" అని అడిగితే పంపు చూపించాను. టెంటు వేయడానికి వాళ్ళకి మూడు గంటలు పట్టింది. వేశాక చూస్తే నేలకి పరవాల్సింది పైన ఉంది, పైన ఉండాల్సింది వాళ్ళ కింద ఉంది. నవ్వకుండా ఉండడానికి నా తల ప్రాణం తోకకొచ్చింది. అయినా పొద్దున్నే వాళ్ళు సరస్సు ఎదురుగా అరగంట సేపు నోరు మెదపకుండా కూర్చున్నారు. అలా కూర్చోగలిగినవాళ్ళంటే నాకు గౌరవమే.

నువ్వు అడిగిన విషయం. ఆ బోర్డు పెట్టింది నేను. దాన్ని చూసుకోవాల్సిన బాధ్యత నాది. విచారణకి వచ్చినవాళ్ళు అడిగినదానికి నేను జవాబు చెప్పాను. ఎవరి బిళ్ల వాళ్ళే తిప్పుకోవడం ఇక్కడి పద్ధతి అని వాళ్ళు రాసుకున్నారు, నేను కింద సంతకం పెట్టాను. ప్రమాదం అని తేల్చారు. ఇప్పుడు దాన్ని తవ్వితే ఎవరికి మేలు?

ఎందుకడుగుతున్నావో నాకు తెలుసన్నావు. అవును, తెలుసు. నీ మనసులో ఏముందో నాకు రెండేళ్ళుగా తెలుసు. నా మొహం మీద అనకపోవడం నీ మంచితనం. నేను అంతకంటే అడగలేను.

ఈ సెలవులకి పిల్లని తీసుకురాకు. నీళ్ళు ఎక్కువగా ఉన్నాయి. మంచం కూడా ఇంకా పూర్తిగా బాగుపడలేదు.

ఇట్లు,
మామయ్య


కార్ఖానా మేడ మీద గది,
ఏప్రిల్ 6

మామయ్యగారికి,

మీ ఉత్తరం మిషను మీద పెట్టుకుని మూడుసార్లు చదివాను. మేస్త్రి వచ్చి సూది విరిగిందా అని అడిగాడు. విరగలేదని చెప్పాను.

ఎవరి బిళ్ల వాళ్ళే తిప్పుకోవడం పద్ధతి అన్నారు. అంటే ఆయనే తిప్పారు. మీరు అంతకంటే చెప్పలేరని అర్థమైంది. కన్నకొడుకు గురించి ఆ మాట మీ చేత్తో రాయలేరు. సరే, నేనే రాస్తాను.

ఆ మధ్యాహ్నం మేమిద్దరం ఎందుకు పోట్లాడుకున్నామో మీకు పూర్తిగా చెప్పలేదు. కరెంటు మీటర్లు చూసే ఉద్యోగం మానేసి మీ దగ్గరికి వచ్చేస్తానన్నారు. జనాన్ని పడవలో ఏటి మలుపుల దాకా తిప్పుతారట, టెంట్లు వేసిపెడతారట, మేమూ అక్కడే ఉండాలట. పిల్ల బడి సంగతేమిటన్నాను. బడి ఎక్కడికి పోతుంది అన్నారు. మాటా మాటా పెరిగింది. ఆఖరికి నేను, "నువ్వు లేకపోయినా మాకు జరుగుతుంది. పో, పోయి ఆ అడవిలోనే ఉండు" అన్నాను. ఆయన నా వంక చూసి తెడ్డు తీసుకుని వెళ్ళిపోయారు. మా ఇద్దరి మధ్యా అదే ఆఖరి మాట.

ఆయన తిరిగొచ్చారు. తిరిగొచ్చి బిళ్ల తెల్లవైపుకి తిప్పారు. ఎవరూ గంట కొట్టకుండా, ఎవరూ వెతుక్కుంటూ రాకుండా. తరవాత మళ్ళీ నీళ్ళ మీదికి వెళ్ళారు. ఇంకోలా ఎలా అనుకోవాలో చెప్పండి. తెల్లబిళ్ల పెట్టి నీళ్ళలోకి వెళ్ళిన మనిషి తిరిగి రావాలనుకున్నవాడు కాదు.

రెండేళ్ళుగా ప్రతి కుట్టు మధ్యలోనూ ఇదే. మీ నోట కాదనిపించుకుందామని అడిగాను. మీరు "తెలుసు" అన్నారు. నా మనసులో ఉన్నది మీకూ తెలుసన్నారు. పిల్లని రావద్దన్నారు. ఇంక నాకు అనుమానం లేదు.

పిచ్చుకకి ఎనిమిదో ఏడు నడుస్తోంది. అది అడిగిన రోజున అబద్ధం చెప్పను. మీ నాన్న మనల్ని వద్దనుకుని వెళ్ళిపోయారు, దానికి కారణం నా నోరు, అని ఉన్నదున్నట్టు చెప్తాను. అది నన్ను అసహ్యించుకుంటే పడతాను.

టెంట్ల పని ఇంకెవరికైనా ఇమ్మని రేంజర్ గారికి రాస్తున్నాను. మీరు నాకు ఉత్తరాలు రాయొద్దు. మీ మీద కోపం లేదు. మీ చేతిరాత ఆయన చేతిరాతలా ఉంటుంది, కవరు చూసిన ప్రతిసారీ ఒక్క క్షణం ఆశ పుడుతోంది.

మీ కోడలు


అడవి క్యాంపు,
ఏప్రిల్ 10

తల్లీ,

రాయొద్దన్నావు. ఈ ఒక్కటీ చదువు. తరవాత నా కవర్లన్నీ పొయ్యిలో పెట్టు.

లారీ గురువారం దాకా రాదు. అందాకా ఆగలేను. రాయడం అవగానే దీన్ని తీసుకుని రేంజ్ ఆఫీసుకి నడిచి వెళ్తాను. పదకొండు కిలోమీటర్లు. అక్కడ ఫోను ఉంది, ఫోను చేద్దామనే మొదట అనుకున్నాను. నీ గొంతు వింటే మధ్యలో ఆగిపోతానని భయమేసింది.

ఆ బిళ్ల తిప్పింది నేను.

నువ్వు నన్ను అనుమానిస్తున్నావనుకున్నాను. బోర్డు సరిగ్గా చూసుకోలేదని, ముసలాయన వల్లే పోయాడని నీ మనసులో ఉందనుకున్నాను. నీ మనసులో ఏముందో తెలుసని నేను రాసింది ఆ సంగతి. నువ్వు వాడి గురించి అలా అనుకుంటున్నావని నా ఊహకి అందలేదు. అందితే రెండేళ్ళ కిందటే చెప్పేవాణ్ణా? చెప్పేవాణ్ణనే అనుకోవాలని ఉంది. ప్రమాణం చేయలేను.

వాడు పుట్టినప్పటినుంచీ అంతే. డబ్బా మూత తీస్తే పెట్టడు, తలుపు తీస్తే వేయడు, దీపం వెలిగిస్తే ఆర్పడు. వాడి వెనక నడుస్తూ మూతలు పెట్టడం, తలుపులు వేయడం నా పని. ఇక్కడికి వచ్చినప్పుడల్లా బిళ్ల ఎర్రగా తిప్పడం మరిచిపోడు, తెల్లగా తిప్పడం ఒక్కనాడూ గుర్తుండదు. రెండుసార్లు గంట కొట్టి జనాన్ని పోగేశాను. తీరా చూస్తే టెంటులో గుర్రుపెడుతున్నాడు. అప్పటినుంచి వాడు వచ్చాడని తెలియగానే నేనే తిప్పేయడం అలవాటైంది.

ఆ రోజు వాన మొదలయ్యే ముందు, అయిదున్నరకి, చోట్లన్నీ ఒక చుట్టు చుట్టాను. మీ టెంటు ముందు వాడి బూట్లు పుల్లలకి బోర్లించి ఉన్నాయి. లోపల నీ మాట, పిల్ల నవ్వు వినిపించాయి. వచ్చేశాడనుకున్నాను. భార్యాభర్తలు రాజీపడుతుంటే నేను పలకరించడం ఎందుకని వెనక్కి తిరిగాను. గదిలోకి వెళ్తూ చెయ్యి చాచి బిళ్ల తిప్పేశాను. అంతే. ఉత్తికాళ్ళతో పడవ ఎక్కాడని నాకు తట్టలేదు. చిన్నప్పటినుంచీ అలాగే ఎక్కుతాడు, అయినా తట్టలేదు.

ఏడింటికి నువ్వు బోర్డు దగ్గరికి రావడం కిటికీలోంచి చూశాను. చూసి వెళ్ళిపోయావు. నిన్ను పిలిచి "వాడేం చేస్తున్నాడు?" అని ఒక్కమాట అడిగి ఉంటే చాలు. వానలో కేకేయడానికి బద్ధకించాను.

ఇంక రెండో విషయం. మీ ఇద్దరి దెబ్బలాట గురించి వాడే నాకు చెప్పాడు. నాలుగింటికి తెడ్డు పట్టుకుని నా గది ముందుకి వచ్చాడు, మొహం నిండా నవ్వే. "నాన్నా, నేను లేకపోయినా జరుగుతుందట నీ కోడలికి! ఒక మంచి చేప పట్టుకెళ్తే తప్ప ఇవాళ టెంటులోకి రానివ్వదు. నీ గాలం ఇటివ్వు" అన్నాడు. "మరి ఉద్యోగం?" అన్నాను. "అది చెప్పింది నిజమే, పిల్ల బడి వదిలి ఎక్కడికొస్తాం? ఊరికే దాన్ని ఉడికిద్దామని మొదలెడితే ముదిరింది" అన్నాడు. ఒక్క మాట కలపలేదు నేను. వాడు నీ మీద కోపంతో వెళ్ళలేదు తల్లీ. గాలం తీసుకుని నీకోసం వెళ్ళాడు.

మూడోది ఎవరికీ చెప్పలేదు. పొద్దున్నే ఒడ్డున పడవ లేకపోవడం చూసి అందర్నీ కేకేసి, ఏరు కలిసేచోటికి నేనే ముందు వెళ్ళాను. పడవ రెల్లులో బోర్లాపడి ఉంది. వాడు ఒడ్డు వారన ఒక చెట్టు వేరు దగ్గర ఉన్నాడు, ఛాతీ దాకా నీళ్ళలో. ప్రవాహం లాక్కుపోకుండా నడుముకున్న బెల్టు తీసి, వేరుకి చుట్టి, మణికట్టుకి బిగించుకున్నాడు. మునిగి పోలేదు వాడు. చలికి పోయాడు. ఎవరో వస్తారని చూస్తూ పోయాడు. నేను వస్తానని.

మిగతావాళ్ళు చేరుకునేలోపల ఆ బెల్టు విప్పి నా కోటులో పెట్టుకున్నాను. అది చూస్తే ఎవరైనా అడుగుతారు, ఇతను ఇంతసేపు బతికున్నాడు కదా, ఎందుకు వెతకలేదు అని. వాణ్ణి ఒడ్డుకి లాగిన చేతుల్తోనే ఆ పని చేశాను. చేస్తున్నప్పుడు నా మనసులో ఏడుపు లేదు, భయమే ఉంది. అది నేను మరిచిపోలేను.

బెల్టు దీనితో పంపుతున్నాను. అది నీది. ఈ సంగతులన్నీ వేరే కాగితం మీద రాసి రేంజర్‌కి కూడా ఇస్తున్నాను.

పిల్లకి మాత్రం ఆ మాట చెప్పకు. వాళ్ళ నాన్న వదిలేసి వెళ్ళాడని చెప్పకు. చెప్పాల్సి వస్తే నా పేరు చెప్పు.

మామయ్య


అడవి క్యాంపు,
ఏప్రిల్ 24

అమ్మాయికి,

పార్శిలు అందినట్టు సంతకం చేసిన చీటీ వచ్చింది. జవాబు కోసం రాయడం లేదు. నీకు తెలియాలని రెండు ముక్కలు.

రేంజర్ వచ్చాడు. నా కాగితం పైకి పంపాడు. తిట్టలేదు, తిడితే బాగుండును. మే పదో తారీఖుకి గది ఖాళీ చేయాలి. కొత్త మనిషి దిగాడు. ఏ చోట నేల గట్టిగా ఉండి మేకు దిగదో, ఏ చోట వాన పడితే నీళ్ళు నిలుస్తాయో తిప్పి చూపిస్తున్నాను. బిళ్లల బోర్డు తీయించేశాను. ఇప్పుడు పుస్తకం పెట్టారు. వచ్చినవాళ్ళు కిటికీ దగ్గరికి వచ్చి నిలబడాలి. మొహం చూడందే పేరు కొట్టేయకూడదని మొదటి పేజీలో నా చేత్తో రాశాను.

ఎక్కడికి వెళ్ళాలో ఇంకా అనుకోలేదు. పిచ్చుక బొమ్మ జాగ్రత్తగా ఊడదీశాను.

మామయ్య


కార్ఖానా మేడ మీద గది,
మే 2

మామయ్యగారికి,

మీకు నాలుగు ఉత్తరాలు రాసి చింపేశాను. మొదటి రెండూ మీరు చదవదగ్గవి కావు. ఇది అయిదోది.

బిళ్ల సంగతి ముందు చెప్తాను. ఇంట్లో ఆయన వెనకాల మూతలు పెట్టింది, దీపాలు ఆర్పింది నేనే. ఆ సాయంత్రం నేను వచ్చేసరికి బిళ్ల ఎర్రగా ఉండి ఉంటే ఏం చేసేదాన్నో ఈ మూడు వారాలూ ఆలోచించాను. ఎప్పట్లాగే మరిచిపోయారు, మీ గదిలో పడుకుని ఉంటారు అనుకుని నేనే తిప్పేసి వెళ్ళేదాన్నేమో. కాదని గుండె మీద చెయ్యేసుకుని చెప్పలేను. ఆ ఒక్క విషయంలో మిమ్మల్ని ఏమీ అనలేను.

బెల్టు వేరు. దాన్ని నేను క్షమించలేదు. క్షమిస్తానో లేదో తెలీదు. మీరు మీ భయాన్ని కోటులో దాచుకున్నారు, నేను రెండేళ్ళు దాని బరువు మోశాను. ఆయన నన్ను వదిలేసి వెళ్ళారనుకుంటూ పిల్లకి జడలు వేశాను. ఆయన ఫొటో బల్ల సొరుగులో బోర్లించి పెట్టాను. ఒక్కోరోజు ఆయన్ని తిట్టుకున్నాను కూడా. ఆ తిట్లు ఎక్కడ వెనక్కి తీసుకోను?

పార్శిలు విప్పి బెల్టు కార్ఖానా దీపం కింద పెట్టి చూశాను. ఆయన సన్నబడినప్పుడు మా సూదితో నేనే పొడిచిన కన్నం ఉంది. ఆ కన్నం కిందుగా రెండు వేళ్ళ వెడల్పున తోలు పైపొర లేచిపోయి ఉంది. చిరుగు చూసి చెప్పడం నా పని అని రాశాను మీకు. ఒక్కసారి గట్టిగా లాగితే తోలు అలా అరగదు. చాలాసేపు, చాలాసార్లు లాగితేనే అలా అవుతుంది. వేరు పట్టుకుని ఊరికే వేలాడలేదు ఆయన. పైకి రావడానికి మళ్ళీ మళ్ళీ ప్రయత్నించారు. నాకింక ఎవరి సాక్ష్యమూ అక్కర్లేదు.

మేస్త్రి మిషన్లన్నీ ఆపించి, అందర్నీ టీకి పంపించేశాడు. ఆ ఖాళీ హాల్లో టెంటు గుడ్డల మీద పడి ఏడ్చాను. ఈ రెండేళ్ళూ మొగుడు వదిలేసినదానిలా ఏడ్చాను మామయ్యగారూ. ఆ రోజు మొదటిసారి మొగుడు చచ్చిపోయినదానిలా ఏడ్చాను.

నిన్న పిచ్చుకని కూర్చోబెట్టి చెప్పాను. మీ పేరు దాచలేదు, నా మాటా దాచలేదు. "నాన్న మన దగ్గరికి రావడానికి చాలా కష్టపడ్డాడు" అన్నాను. అది ఏడవలేదు. బెల్టు ఒళ్ళో పెట్టుకుని, అరిగిన చోట వేలితో రాస్తూ, "ఎంతసేపు?" అని అడిగింది.

తెలీదన్నాను. "తాతయ్యకి తెలుసా?" అంది. ఆయనకీ తెలిసుండదన్నాను. "అడిగితే కదా తెలిసేది" అంది. పొద్దున్న లేచి మళ్ళీ అదే అడిగింది.

ఆయన బయల్దేరింది నాలుగింటికి, మీరు చూసింది తెల్లారి. మధ్యలోది మీకు తెలీదని నాకు తెలుసు. అయినా ఆ జవాబు నా నోటితో చెప్పను. పదో తారీఖున గది తాళం ఇచ్చేసి ఇక్కడికి రండి. వంటగది పక్క గదిలో మీకు పక్క వేస్తాను. క్షమించి పిలుస్తున్నానని అనుకోకండి. తెలీదు అన్న మాట మీరే దాని ఎదురుగా కూర్చుని చెప్పాలి.

మీ కోడలు